బతికి బట్టకట్టిన మెషీన్

మా హైదరాబాద్ ఫ్లాట్లో వాషింగ్ మెషీన్ ఒక శుక్రవారం రాత్రి ఆగిపోయింది. చప్పుడు లేదు, కాలిన వాసన లేదు, కింద నీళ్ళు కారలేదు. సగం ఉతుకులో ఆగి, ముందున్న చిన్న తెర మీద ఒక అక్షరం, దాని పక్కన రెండు అంకెలు చూపించి ఊరుకుంది. లోపల నా ఆఫీసు చొక్కాలు, మా ఆవిడ కుర్తాలు, రెండు తువ్వాళ్ళు సబ్బు నీళ్ళలో నానుతున్నాయి. తలుపు తాళం పడిపోయింది. స్విచ్చి తీసి వేశాం, ఫోన్లో వీడియోలు చూశాం, కింద చిన్న మూత విప్పి బకెట్లోకి నీళ్ళు వదిలాం. అర్ధరాత్రి దాటాక తలుపు తెరుచుకుంది. బట్టలు బయటికొచ్చాయి కానీ మెషీన్ మళ్ళీ తిరగలేదు.

సోమవారం సర్వీస్ కుర్రాడు వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. వెనక రేకు విప్పి పది నిమిషాల్లో తేల్చేశాడు.

"మెయిన్ బోర్డు పోయింది సార్. మోటారు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. దానికి పదేళ్ళ వారంటీ కూడా ఉంది."

"మరి బోర్డుకి?"

"రెండేళ్ళే సార్."

మేం కొని నాలుగేళ్ళ రెండు నెలలు. 'మోటారుకి పదేళ్ళు' అన్న స్టిక్కర్ ముందు భాగంలో ఇంకా మెరుస్తూనే ఉంది. బోర్డు 9,800 రూపాయలు, జీఎస్టీ కలిపితే పదకొండున్నర వేలు. మెషీన్ కొన్నది 33,000కి. బోర్డుని బాగుచేయించలేమా అని అడిగితే దాన్ని విప్పి చూపించాడు. చిన్న చిన్న ముక్కలన్నిటి మీదా జిగురు లాంటిది పోసి గడ్డకట్టించారు. చెమ్మ తగలకుండా ఆ పూత. అదే పూత, లోపల ఏదైనా పదిరూపాయల ముక్క పోతే దాన్ని తీసి వేరేది పెట్టడం కూడా కష్టం చేస్తుంది. "నన్నడిగితే ఎక్స్ఛేంజ్ బెటర్ సార్" అన్నాడు వెళ్ళేముందు. పాపం, అతని తప్పేమీ లేదు. రోజుకి ఇలాంటి ఇళ్ళు ఎన్ని తిరుగుతాడో.

ఆ శనివారం గుంటూరు వెళ్ళాలి, అమ్మ దగ్గరికి. ఉతకని బట్టల సంచి కూడా కార్లో వేసుకున్నాను. ముప్పై ఆరేళ్ళొచ్చాక మాసిన బట్టలతో అమ్మ దగ్గరికెళ్ళడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా ఆవిడ నవ్వింది కానీ ఆపలేదు.

అమ్మ దగ్గరున్నది 1998 నాటి మెషీన్. సెమీ ఆటోమేటిక్, రెండు తొట్లది. ఒక దాంట్లో ఉతుకు, రెండో దాంట్లో పిండుడు. నాన్న రైల్వేలో గుమాస్తా. ఐదో పే కమిషన్ అరియర్స్ చేతికొచ్చినప్పుడు, సంక్రాంతికి ముందు, 7,200 రూపాయలు పోసి కొన్నాడు. రిక్షాలో వచ్చింది. నేను నాలుగో తరగతి. మా వీధిలో అది మూడో మెషీన్. ఆ రోజుల్లో పెళ్ళి మాటల్లో టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఈ మూడూ కలిపే వినపడేవి. జపాన్లో 1950లలో సరిగ్గా ఈ మూడింటినే 'మూడు దివ్య నిధులు' అని పిలుచుకునేవాళ్ళని చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు నవ్వొచ్చింది. ఎక్కడైనా మధ్యతరగతి గుమ్మం దాటి లోపలికొచ్చే వరస ఒకటే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏది ఎప్పుడు ఎందుకు ఆగిపోతుందో చూడటమే నా జీతం. మా రంగంలో, ఇంజనీరింగ్‌లో అంతటా, 'బాత్‌టబ్ కర్వ్' అని ఒక గీత ఉంది. ఏ వస్తువైనా కొత్తలో ఎక్కువగా పాడవుతుంది, తయారీ లోపాల వల్ల. తర్వాత చాలా కాలం నిదానంగా సాగుతుంది. చివర్లో అరుగుదల వల్ల మళ్ళీ పాడవడం పెరుగుతుంది. కాగితం మీద గీస్తే స్నానాల తొట్టిని పక్కనుంచి చూసినట్టుంటుంది. నా మెషీన్ ఆ తొట్టి అడుగున ప్రశాంతంగా ఉండాల్సిన వయసులో పోయింది. అమ్మది తొట్టి అవతలి గోడ ఎక్కి దిగి ఎక్కి, ఇంకా తిరుగుతోంది. నాకు కోపం, ఆశ్చర్యం రెండూ కలిసి వచ్చాయి.

ఆ మధ్యాహ్నం అమ్మ నా చొక్కాలు వేసి నాబు తిప్పింది. టిక్ టిక్ టిక్ అని ఆ టైమరు చప్పుడు. నా చిన్నప్పటి ఆదివారాలకి అదే నేపథ్య సంగీతం. అది గడియారం లాంటిదే. నాబు తిప్పితే లోపల స్ప్రింగ్ చుట్టుకుంటుంది, పదిహేను నిమిషాల పాటు విప్పుకుంటూ వస్తుంది. విప్పుకునేటప్పుడు లోపలి పళ్ళచక్రాలు చిన్న చిన్న కాంటాక్టుల్ని కలుపుతూ విడదీస్తూ, మోటారుని కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పుతాయి. మోటారు నుంచి ఒక రబ్బరు బెల్టు, బెల్టు నుంచి తొట్టి అడుగునున్న పల్సేటరు. అంతే. చిప్పు లేదు, సెన్సారు లేదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది కానీ టైమరు ఆగదు. అది కరెంటు మీద కాదు, స్ప్రింగ్ మీద నడుస్తుంది. గుంటూరు వేసవి కోతల్లో కరెంటు తిరిగొచ్చేసరికి టైమరు ఖాళీగా టిక్కుమని ఆగిపోయి ఉండేది. అమ్మ వంటింట్లోంచి వచ్చి మళ్ళీ తిప్పేది.

మెషీన్ పక్క గూట్లో నాన్న పుస్తకం ఇంకా ఉంది. పాత రైల్వే డైరీ. మొదటి పేజీలో కొన్న తేదీ, ధర, రసీదు నంబరు. తర్వాత వరసగా దాని ఆరోగ్య చరిత్ర. 2001లో నీళ్ళు వదిలే పైపు, 45 రూపాయలు. 2003లో వాష్ టైమరు, 220. 2006లో 'ఎలుక' అని ఒకే మాట, దాని ఎదురుగా వైరింగుకి 150. ఆ తర్వాత నాన్న అడుగున ఇనప జాలీ బిగించాడు. 2007లో బెల్టు, 60. 2010లో స్పిన్ తొట్టి కింద రబ్బరు సీలు, 180. ఆ సీలు అరిగితే నీళ్ళు జారి నేరుగా కిందున్న మోటారు మీద పడతాయి. ఈ రకం మెషీన్లలో ఎక్కువగా జరిగే జబ్బు అదే. సీలు మార్చడం ఆలస్యమైందో ఏమో, 2012లో స్పిన్ మోటారే మార్చాల్సి వచ్చింది, 1,350. ఆ అంకె కింద నాన్న రెండు గీతలు గీశాడు. 2015లో కెపాసిటరు 120, మళ్ళీ బెల్టు 90. 2018లో రెండోసారి టైమరు, 380. అక్కడితో నాన్న చేతిరాత అయిపోతుంది. 2019లో ఆయన పోయాడు.

కింద అమ్మ రాత. 2021లో పల్సేటరు, 450. 2023లో మళ్ళీ సీలు, బ్రేకు తీగ, కలిపి 600.

మొత్తం కూడాను. 3,645 రూపాయలు. ఇరవై ఆరేళ్ళకి. అప్పటి రూపాయి వేరు, ఒప్పుకుంటాను. అయినా జీఎస్టీ కలిపిన నా ఒక్క బోర్డు ధరలో మూడో వంతు లేదు.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు, వాళ్ళ వీధిలో ఎవరిదో ఫ్రిజ్ చూసి పోతూ. ఇరవై ఏళ్ళుగా ఈ మెషీన్‌ని చూస్తున్నది ఆయనే. అమ్మ ఆయన్ని తమ్ముడూ అంటుంది, ఆయన అక్కా అంటాడు. టీ తాగుతూ నా హైదరాబాద్ కథంతా విన్నాడు. నేను ఉత్సాహంగా పాత వస్తువుల గొప్పదనం మీద ఒక ఉపన్యాసం ఇచ్చాను. పాతవన్నీ గట్టివనీ, ఇప్పుడు కావాలనే పాడయ్యేట్టు చేస్తున్నారనీ.

ఆయన కప్పు కింద పెట్టి, "అట్టా ఏం లేదు బాబూ" అన్నాడు. "దీంతోపాటు ఈ వీధిలో ఏడెనిమిది కొన్నారు. ఒకదానికి రేకు తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. ఇంకోటి కొన్న మూడేళ్ళకే గేర్‌బాక్స్ పోయింది, కంపెనీయే ఎత్తేశారు, సామాను దొరకలా. పోయినయ్యి నీకెట్టా కనపడతాయి? బతికి బట్టకట్టిందే కనపడుద్ది."

వాషింగ్ మెషీన్ గురించి ఆ సామెత వాడినందుకు ఆయనకేమీ నవ్వు రాలేదు. నేను మాత్రం ఆ మాట రాసుకున్నాను. నిజమే. పాత మెషీన్లన్నీ గొప్పవి కావు. పాతవాటిలో మిగిలినవాటిని చూసి మనం పాతకాలానికి మార్కులేస్తున్నాం. ఆ మార్కుల పట్టికలో పాతసామాన్లవాడి తక్కెట్లోకి వెళ్ళినవి లేవు.

"కాకపోతే ఒకటి" అన్నాడాయన లేస్తూ. "ఇది పాడైతే ఏది పాడైందో తెలుస్తది. చప్పుడు బట్టి చెప్పొచ్చు. విప్పితే కంటికి కనపడుద్ది. కొత్తదాంట్లో అన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటయ్. మనతో మాట్లాడవు."

తేడా అదే అనిపించింది నాకు కూడా. పాతది ఎక్కువ కాలం పాడవకుండా ఉండలేదు. పుస్తకం చూస్తే సగటున రెండు మూడేళ్ళకోసారి పాడవుతూనే ఉంది. ప్రతిసారీ బాగుపడింది, అంతే. మన్నిక అంటే పాడవకపోవడం అని నేననుకున్నాను. నాన్న డైరీ ప్రకారం అది బాగుచేయగలగడం. బెల్టు పోతే బెల్టు, టైమరు పోతే టైమరు. ఒక ముక్క జబ్బు ఇంకో ముక్కకి ఉరిశిక్ష కాదు.

కొత్తవాటి కథ వేరే. ముందు తలుపు మెషీన్లలో చాలావాటికి బయటి ప్లాస్టిక్ తొట్టిని రెండు సగాలుగా చేసి వేడితో అతికించేస్తున్నారు. లోపల బేరింగు అరిగితే, బేరింగు ధర కొన్ని వందలే అయినా, తొట్టి మొత్తం మార్చాలి. స్టీలు డ్రమ్ము వెనక దాన్ని పట్టుకుని ఉండే మూడు చేతుల అల్యూమినియం ముక్క ఉంటుంది, స్పైడర్ అంటారు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో సబ్బు నీళ్ళు, ఆరని చెమ్మ. ఏళ్ళ తరబడి ఆ అల్యూమినియం తినేసుకుపోతుంది. ఒకరోజు పిండుడు మధ్యలో చెయ్యి విరుగుతుంది. మా ఏరియా బోరు నీళ్ళకి హీటరు మీద సున్నం కట్టడం ఇంకో గోల.

అలాగని కొత్తవాటిని తిట్టడం న్యాయం కాదు. అవి నీళ్ళు బాగా తక్కువ తాగుతాయి. ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొట్టుకునేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. బట్ట మీద దయగా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, బటన్ నొక్కి ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు. ఇన్ని సుఖాలకి సెన్సార్లు కావాలి, సెన్సార్లకి బోర్డు కావాలి. కానీ బోర్డుకి పూత పోసి, తొట్టిని అతికించి, విడిభాగాన్ని మెషీన్ ధరలో మూడో వంతుకి అమ్మడం సుఖం కోసం కాదు. అది వేరే నిర్ణయం. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి, ఒక మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కూడా పదేళ్ళ పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాలని, అవి మామూలు పనిముట్లతో మార్చగలిగేలా ఉండాలని నిబంధన పెట్టారు. మన దగ్గర 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా పెట్టింది. పోర్టల్ పెట్టడం వేరు, కంపెనీ మెడలు వంచడం వేరు.

ఇవన్నీ రాత్రి భోజనాల దగ్గర అమ్మకి చెబుతున్నాను. చెప్పి, "ఏదేమైనా నీ మెషీన్ మాత్రం సూపరమ్మా. ఇరవై ఆరేళ్ళు! దీన్ని ఎప్పటికీ మార్చకు" అన్నాను.

అమ్మ పెరుగు వడ్డిస్తూ ఆగింది.

"ఏంట్రా ఆ పొగడ్త? అదేదో దానంతటది తిరిగినట్టు. దాని పక్కన ఎవరు నిలబడ్డారనుకున్నావు?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నీళ్ళు పట్టింది నేను. చాలా లేదా చూసి ఆపింది నేను. పావుగంటకోసారి వచ్చి మురికి నీళ్ళు వదిలి మంచి నీళ్ళు పట్టింది నేను. తడి బట్టలు అందులోంచి ఇందులోకి ఎత్తింది నేను. సమంగా సర్దకపోతే ఊరంతా వినపడేట్టు దడదడలాడుద్ది, మళ్ళీ తెరిచి సర్దింది నేను. ఎక్కువ కుక్కితే మోటారు పోద్దని మీ నాన్న చెప్పాడని, నాలుగు సార్లుగా వేసింది నేను. నేను నిలబడితేనే నాయనా అది నిలబడింది."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు ఎందుకు తగ్గిందో చెప్పినంత మామూలుగా అంది. లేచి పెరుగు గిన్నె లోపల పెట్టడానికి వెళ్ళింది. కుడి భుజం పైకి లేవదు కాబట్టి ఎడమ చేత్తో ఫ్రిజ్ తీసింది.

ఆ రాత్రి నాన్న డైరీ మళ్ళీ తీశాను. 2016లో ఏ ఎంట్రీ లేదు. ఆ ఏడాది మెషీన్‌కి ఏమీ కాలేదు. ఆ ఏడాదే అమ్మ పెరట్లో దాని పక్కన తడి గచ్చు మీద జారి పడి మణికట్టు విరిగింది. నెలన్నర కట్టు. నేను అప్పుడు హైదరాబాద్ నుంచి రెండు రోజులు వచ్చి వెళ్ళాను. భుజం ఎప్పుడు పట్టేసిందో నాకు సంవత్సరం కూడా గుర్తులేదు. డాక్టరు బరువులెత్తొద్దన్నాడని ఫోన్‌లో చెప్పింది. తడిసిన రెండు దుప్పట్లు ఎంత బరువుంటాయో నేనెప్పుడూ ఎత్తి చూడలేదు. బెల్టుకి 60 రూపాయలు ఎప్పుడయ్యాయో రాసి ఉంది. అమ్మ చేతికి ఎంతయిందో ఎక్కడా లేదు. నాన్న చెడ్డవాడు కాదు. మెషీన్‌కి పుస్తకం పెట్టాలని తోచింది, అంతవరకే.

లెక్కలు నా జబ్బు కాబట్టి అదీ వేశాను. రోజు విడిచి రోజు, గంటన్నర. ఏడాదికి 270 గంటలు. ఇరవై ఆరేళ్ళకి ఏడు వేల గంటలు. రోజుకి ఎనిమిది గంటల ఉద్యోగం అనుకుంటే, ఆదివారాలు పోను, దాదాపు మూడేళ్ళ సర్వీసు. సెమీ ఆటోమేటిక్ అని పేరు పెట్టినవాడు నిజాయితీపరుడే. ఆటోమేటిక్ కాని ఆ సగం ఎవరో మనమే అడగలేదు. నేను లేదని సంబరపడ్డ బోర్డు, సెన్సారు, నీటి వాల్వు అన్నీ ఆ మెషీన్‌కీ ఉన్నాయి. వాటి పని మా అమ్మ చేసింది.

స్వీడన్ డాక్టరు హాన్స్ రోస్లింగ్ 2010లో వాషింగ్ మెషీన్ గురించి ఒక ప్రసంగం చేశాడు. చాలామంది చూసే ఉంటారు. వాళ్ళింట్లో మొదటిసారి మెషీన్ పెట్టిన రోజు వాళ్ళ నాయనమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని, ఉతుకు మొత్తం అయ్యేదాకా చూస్తూ కూర్చుందట. మిగిలిన సమయంలో వాళ్ళమ్మ అతన్ని లైబ్రరీకి తీసుకెళ్ళేదట. ఆ ప్రసంగం చూసి ఒకప్పుడు నా కళ్ళు చెమర్చాయి. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లోనే 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని పుస్తకం రాసింది. ఇంటి యంత్రాలు పనిని తేలిక చేశాయి కానీ, అంతకుముందు పనివాళ్ళూ లాండ్రీలూ ఇంట్లో మిగతావాళ్ళూ పంచుకున్న పనిని కూడా తెచ్చి గృహిణి ఒక్కదాని మీద పెట్టాయని ఆమె వాదన. ఇద్దరూ నిజమే చెప్పారని ఇప్పుడనిపిస్తోంది.

ఎందుకంటే మెషీన్ రాకముందు మా ఇంట్లో దుప్పట్లు, నాన్న తెల్ల చొక్కాలు ఉతికింది అమ్మ కాదు. ఒకామె వచ్చి మూట కట్టుకుని తీసుకెళ్ళేది. పద్దు పుస్తకం ఉండేది. చలవ చేసి, గంజి పెట్టి, మడతలు కత్తిలా తెచ్చిచ్చేది. ఆమె మా నాయనమ్మ వయసు మనిషి. అయినా నాలుగో తరగతి పిల్లాడిని నేను ఆమెని పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాణ్ణి. ఎవరూ తప్పు అనలేదు. అలా పిలవాలని ఎవరూ నేర్పనూ లేదు, దానంతటదే వచ్చేసింది. 1998 సంక్రాంతి తర్వాత ఒకరోజు ఆమె వచ్చి పెరట్లో మెషీన్ చూసింది. చుట్టూ తిరిగి, మూత ఎత్తి, "ఇంక నాకేం పన్లే అమ్మా" అని నవ్వింది. కొన్నాళ్ళు ఇస్త్రీకి వచ్చింది. తర్వాత రాలేదు. ఆ కొత్త మెషీన్ వాళ్ళింటికి ఏం చేసిందో మా డైరీలో లేదు.

పొద్దున్నే ఈ సంగతి అమ్మనడిగితే, "ఆమె బరువు తగ్గిందనుకున్నాంలే. ఆ దుప్పట్లు నా మీద పడ్డాయి" అంది. కాసేపాగి, "ఆమెకి డబ్బులన్నా ఇచ్చేవాళ్ళం" అని కూడా అంది.

"మరి ఇన్నాళ్ళూ మార్చమని ఎందుకు అడగలేదమ్మా?"

"మీ నాన్న కొన్నది కదా." ఇంకాసేపటికి, "బాగానే తిరుగుతోందిగా, మార్చమంటే ఏం బావుంటుంది?" అంది.

అదీ సంగతి. ఆ మెషీన్ చెడిపోకపోవడమే అమ్మకి ఇంకొకటి అడిగే దారి లేకుండా చేసింది. నేను ఫోన్‌లో దాన్ని మెచ్చుకున్న ప్రతిసారీ ఆ దారి ఇంకాస్త మూసుకుపోయింది.

ఆ ఆదివారమే ముగ్గురం షాపుకెళ్ళాం. నేను విడిభాగాలు, వారంటీ, అతికించిన తొట్టి అని అడుగుతుంటే అమ్మ ఒక పైతలుపు ఫుల్లీ ఆటోమేటిక్ దగ్గర ఆగి, వంగకుండా చెయ్యి లోపలికి పెట్టి చూసింది. ఎడమ చేత్తో. అడుగు అందింది. "ఇది చాలు" అంది. దాని బోర్డు ఎన్నేళ్ళు వస్తుందో నేనడగలేదు. ఆరేళ్ళకి పోతే పోనీ. ఆ ఆరేళ్ళు అమ్మ కుర్చీలో కూర్చుంటుంది.

పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో వెయ్యి రూపాయలకి తీసుకుంటామన్నారు. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. హైదరాబాద్ తీసుకెళ్దామని మా ఆవిడ వంక చూశాను. ఆమె అప్పటికే ఆ చూపు కనిపెట్టేసింది.

"తెచ్చుకో. నాకేం అభ్యంతరం లేదు. దాని పక్కన నిలబడేది మాత్రం నువ్వే. నేను నాబు కూడా తిప్పను."

అలా అది ట్రాలీ ఆటోలో మూడొందల కిలోమీటర్లకి దగ్గరగా ప్రయాణం చేసి మా బాల్కనీలోకి వచ్చింది. నాలుగు నెలలైంది. ఆదివారాలూ బుధవారాలూ నా డ్యూటీ. మొదటివారం సమంగా సర్దక స్పిన్ తొట్టి దడదడలాడి కింది ఫ్లాటువాళ్ళు పైకొచ్చారు. రెండోవారం నీళ్ళు పడుతూ ఫోన్ చూసుకుని బాల్కనీ అంతా చెరువు చేశాను. దుప్పట్లు ఎత్తిన రోజు నడుం పట్టేసింది. తడి దుప్పటి బరువు ఇప్పుడు నాకు తెలుసు. ట్యాంకరు రోజుల్లో ఇది తాగే నీళ్ళకి నాకే సిగ్గేసి, ఆఖరి నీళ్ళని బకెట్లలో పట్టి బాల్కనీ గచ్చు కడుగుతున్నాను. వచ్చే వేసవికి దీన్ని ఉంచుకోవడం సబబేనా అన్న సందేహం కూడా ఉంది. ఆ ముందు తలుపుది మూలన అలాగే ఉంది, పదేళ్ళ వారంటీ మోటారుతో. బోర్డు వేయించాలా వద్దా అని మేమింకా తేల్చుకోలేదు.

డైరీ కూడా తెచ్చుకున్నాను. మొన్న టైమరు కాంటాక్టులు శుభ్రం చేయించి 150 అని రాశాను. దానికి ఎదురు పేజీలో, ఖాళీగా ఉన్నచోట, 2016 అని వేసి 'అమ్మ మణికట్టు, నెలన్నర కట్టు' అని రాశాను. ఖర్చు ఎంతయిందో అమ్మకి గుర్తులేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

నిన్న ఆదివారం. టైమరు టిక్కుమంటుంటే అమ్మ ఫోన్ చేసింది. ఫోన్‌లోనే ఆ చప్పుడు గుర్తుపట్టింది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"నిలబడ్డానమ్మా."

"నీళ్ళు మార్చావా?"

"ఇంకా లేదు."

"అయితే తర్వాత చేస్తాలే" అని పెట్టేసింది.